వరస చివర ఆగిన కుర్చీ

నేను ఒక కుర్చీని. వేపచెక్కది. చేసినప్పుడు రెండు చేతులుండేవి, ఇప్పుడొకటే ఉంది. కాళ్ళు నాలుగూ మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. కుర్చీకి జనాభా లెక్కలతో ఏం పని అని మీరనొచ్చు. పనుంది. మీ లెక్కల్లో మనుషుల్ని ఆడ, మగ, కులం, చదువు, వయసు అని బోలెడు గళ్ళు గీసి రాసుకుంటారు. నాకన్ని గళ్ళు లేవు, నాలుగే. నామీద కూర్చునేవాళ్ళు ఒకటి. నా ఎదురుగా నిలబడేవాళ్ళు రెండు. నేలమీద గొంతుకూర్చునేవాళ్ళు మూడు. నేను కనిపిస్తే ఆ పక్కకే రానివాళ్ళు నాలుగు. నన్ను ఏ ఊరికి తీసుకుపోయినా జనమంతా వీటిల్లోనే సర్దుకున్నారు. ఎవరూ మిగల్లేదు.

నల్లమిట్ట మునసబుగారి దొడ్లో గాలివానకి పడిపోయిన వేపచెట్టు నేను. వడ్ల బ్రహ్మయ్య కోసి, చిత్రిక పట్టి, నన్ను కుర్చీ చేశాడు. చేసినవాడు గట్టిగా ఉందో లేదో కూర్చుని చూసుకోవాలి గదా. బ్రహ్మయ్య కూర్చోలేదు. చేత్తో నొక్కి చూశాడు, మోకాలు పెట్టి అదిమి చూశాడు, చివరికి ఒక ఇసక బస్తా ఎత్తి నామీద పెట్టాడు. కాసేపు చూసి, "ఆగుద్దిలే" అన్నాడు. అట్లా నామీద మొట్టమొదట దర్జాగా కూర్చున్నది ఇసక బస్తా.

మునసబుగారి వసారాలో నా కాపురం మొదలైంది. కరణంగారొస్తే నామీద. శెట్టిగారొస్తే బల్లమీద, అదీ అంచున, పని మునసబుగారిదే అయినా సరే. సాలెలు, కుమ్మర్లు స్తంభాలకి ఆనుకుని నిలబడేవాళ్ళు. చాకలి, మంగలి మెట్లమీద. మాలమాదిగ పేటలవాళ్ళు మెట్లు కూడా దిగి, చూరునీళ్ళు పడే గీతకి అవతల. వానొస్తే సరిగ్గా ఆ గీతమీదే తడిసేవాళ్ళు. ఇవతలికి జరిగేవాళ్ళు కాదు, జరగమని ఎవరూ అనేవాళ్ళూ కాదు. ఆ గీత ఎవరు గీశారంటే ఎవరి పేరూ చెప్పలేం. చూరు గీసింది.

తర్వాత మునసబులు పోయారు. నన్ను పంచాయతీ ఆఫీసుకి మోయించారు. ఇక అందరూ సమానమేనని ఒకాయన నామీద కూర్చుని చెప్పాడు. మిగతావాళ్ళు నిలబడి విన్నారు. ఒక ఎన్నికలప్పుడు గెలిచినాయన ఒక చెయ్యి, ఓడినాయన ఒక చెయ్యి పట్టుకుని లాగారు. ఓడినాయన వట్టిచేతుల్తో పోలేదు, నా ఎడమచెయ్యి పట్టుకుపోయాడు. ఆపైన ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. నన్ను వెనకపక్క చీపుళ్ళ దగ్గర పడేశారు.

అక్కణ్ణుంచి నన్ను బయటపడేసింది గొర్రెలబండ మాలకొండయ్య. గొర్రెలబండ నల్లమిట్టకి శివారు పల్లె. ఎగువన ఒకే వరసలో గొల్లల ఇళ్ళు, వాటిని అంటుకుని నాలుగు దూదేకుల ఇళ్ళు, రెండు వడ్డెర ఇళ్ళు. వరస అయిపోయాక కొంచెం పల్లం. పల్లంలో వాగు. వాగు ఒడ్డున ఏడు యానాది గుడిసెలు. మాలకొండయ్య ఆ పల్లెకి పెద్ద. గొర్రెలకి రోగమొచ్చిన ఏడాది పశువుల డాక్టరుని బతిమాలి తీసుకొస్తే, ఆయన అటూ ఇటూ చూసి, "కూర్చోడానికేం లేదా?" అన్నాడట. నులకమంచం వాల్చారు. ఆయన ఆ నులక వైపు చూసి, మందుల పెట్టె తెరవకుండానే తిరిగిపోయాడట. ఆ వారంలో మంద సగమైంది. మాలకొండయ్య ఏడవలేదు, తిట్టలేదు. పంచాయతీవాళ్ళు పాతసామాను వదిలించుకుంటున్నారని తెలిసి, ఒక మేకపిల్లని తోలుకుపోయి ఇచ్చి, నన్ను నెత్తిన పెట్టుకుని నడిచొచ్చాడు.

గొర్రెలబండలో నా బతుకు మహారాజు బతుకు. అంటే, పనిలేని బతుకు. ఊళ్ళో ఎవరూ నామీద కూర్చోరు. ఆఫీసరు వస్తేనే నన్ను తీసేది. ఆయన ఏ గుమ్మానికి పోతే ఆ గుమ్మానికి, మాలకొండయ్య అన్నకొడుకు తిరుపాలు నన్ను నెత్తిన మోసుకుపోయి నీడలో వేసేవాడు. నేను వచ్చాక ఆఫీసర్లు ఎక్కువసేపు కూర్చున్నారు. పనులు మాత్రం పాత వేగంతోనే జరిగాయి.

అన్నిట్లోకీ నీళ్ళ పని మరీ మొండిది. కుళాయిగొట్టం నల్లమిట్టలో తిరిగి తిరిగి, వాళ్ళ గేదెలు కూడా తాగాక మిగిలిన తడి గొర్రెలబండకి వచ్చేది. అడగడానికి పోతే ప్రెసిడెంటు, "చూద్దాంలే మాలకొండయ్యా" అనేవాడు. చూసేవాడు కూడా, ఎటో. అట్లా ఉండగా ఒక మాట పుట్టింది. ఈసారి జనాభా లెక్కల్లో ఐదొందలమంది తేలిన శివారు పల్లెకి విడిగా పంచాయతీ ఇస్తారని. మన ప్రెసిడెంటు, మన నీళ్ళు. మాలకొండయ్య ఆ మాట పట్టుకున్నాడు. అన్నం తింటున్నా అదే, గొర్రెల్ని దొడ్లో తోలుతున్నా అదే. "నేను కళ్ళు మూసేలోగా మన గడ్డమీద మన కుళాయి తిప్పాల" అనేవాడు. ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం ఊళ్ళో ఎవరూ ఎరగరు.

ఆయన భయమల్లా ఆడవాళ్ళ గురించే. గొల్లలు గొర్రెల్నీ బిడ్డల్నీ ఉన్నన్ని చెప్పరు. చెబితే దిష్టి తగులుతుందని నమ్మకం. అందుకని లెక్కలవాళ్ళు రాకముందే ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. వదిన ఓబులమ్మ దగ్గర ఆగిపోయాడు.

"నీకు మనవలెంతమంది వదినా?"

"ఉండారులే ముగ్గురో నలుగురో."

"ఐదుగురు గదా!"

"అమ్మా, నోటితో అనేశావా! పాడు నోరు."

"రేపు సారు అడిగితే ఐదుగురని చెప్పు. దిష్టి నేను తీస్తా."

"నువ్వు తీస్తే పోద్దా మరిదీ? నీ మొహం చూస్తే కొత్తది తగులుద్ది."

కాని చెప్పింది, పాపం. లెక్క రాయడానికి వచ్చిన జిలానీ మాస్టారు పెద్దమనిషి. మోకాళ్ళ నొప్పులు. తిరుపాలు నన్ను ప్రతి గుమ్మం ముందూ వేయడం, ఆయన "హుఁ" అని కూలబడటం, రాసుకోవడం, మళ్ళీ లేవడం. దాచుకోవద్దని చెప్పిన మాట మరీ ఎక్కువ పనిచేసింది. తిరుపాలు పెళ్ళాం రవణమ్మ నిండు చూలాలు.

"లోపలున్నోణ్ణి కూడా రాయండి సారూ."

"పుట్టాకే రాయాలమ్మా."

"మళ్ళా పదేళ్ళకి గదా మీరొచ్చేది? అందాకా లోపలే కూచోమంటారా?"

మాస్టారు నవ్వితే నా కాళ్ళు కూడా కదిలాయి. దూదేకుల ఇళ్ళయ్యాయి, వడ్డెర ఇళ్ళయ్యాయి. ముందు వేయాలా వద్దా అని కొంత గుసగుస జరిగినా, వాళ్ళ గుమ్మాల్లో కూడా నన్ను వేశారు. అట్లా వరస చివరకొచ్చాం. మాస్టారు పల్లంలోకి చూసి, "ఆ గుడిసెలు?" అన్నాడు.

తిరుపాలు నన్ను దించాడు. మళ్ళీ ఎత్తలేదు. మాలకొండయ్య వైపు చూశాడు. మాలకొండయ్య నావైపు చూశాడు. నన్ను యానాది గుడిసెల ముందు వేసి, రేపు మళ్ళీ నట్టింటికి తెచ్చుకోవాలి గదా.  

"ఆడంతా బురద సారూ. మీ మోకాళ్ళకి పడదు" అన్నాడు మాలకొండయ్య. "మీరీడనే కూచోండి, పిలిపిస్తా."

బురద లేదు. అది ఎండాకాలం. వాగులోనే ఇసక తేలుతోంది. మాస్టారు మోకాళ్ళు నిమురుకుని, సరేనని కూర్చున్నాడు.

తిరుపాలు గట్టుమీద నిలబడి నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కేకేశాడు. "ఒరే చెంచయ్యా! అందర్నీ తీసుకుని వరసలోకి రాండ్రా! సారు పిలస్తుండాడు!"

ఇక్కడొక సంగతి మీకు చెప్పాలి. వరసలోంచి గుడిసెలవాళ్ళని పేరుపెట్టి కేకేశారంటే, ఏ ఇంట్లోనో కోడి పోయిందని అర్థం. కోడి సాయంత్రానికి ఏ గంపకిందో దొరికేది. ఈలోగా చెంచయ్యకో వాడి బావమరిదికో వీపు వాచిపోయేది. ఇప్పుడు అందర్నీ రమ్మన్నారు, పైగా ఎవరో సారు. కేక అందుకోవడమే ఆలస్యం, పల్లంలో చట్లు దించిన అలికిడి, కుక్క మొరుగు, తర్వాత ఏమీ లేదు. ఏడు గుడిసెలూ ఖాళీ. వాగు దాటి తుమ్మకంపలోకి పోయారు.

"చూశారా సారూ, పిలిస్తే పారిపోయే జనం" అన్నాడు తిరుపాలు.

జిలానీ మాస్టారు చాలాసేపు కూర్చున్నాడు. మర్నాడు కూడా వచ్చి, వరస చివర నామీద కూర్చుని చూశాడు. గుడిసెల్లో పొయ్యి రాజలేదు. ఇక గడువు లేదని లేచి వెళ్ళాడు.

వారం తర్వాత ఆయనే వచ్చి చెప్పాడు. నిలబడే చెప్పాడు. "కలిపి చూశాం మాలకొండయ్యా. ఐదొందలకి పదకొండుమంది తగ్గారు."

"గుడిసెల్లో ముప్ఫైమందికి పైగా ఉండారు గదా సారూ! ఇప్పుడు రాయండి."

"వాళ్ళ పేర్లు అవతల పడ్డాయి. నల్లమిట్ట లెక్కలో."

 మాస్టారు పోయాక మాలకొండయ్య నన్ను ఎత్తి నెత్తిన పెట్టుకున్నాడు. తిరుపాలు పరుగెత్తుకొచ్చాడు. "యాడికి చిన్నాయనా? అట్టివ్వు, నేను మోస్తా."

"నువ్వు మోసింది చాలు."

వరస పొడుగునా ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూశారు. ఓబులమ్మ, "ఆఫీసరెవరూ రాలేదు గదా, కుర్చీ యాడికి మరిదీ?" అంది. ఆయన ఆగలేదు. వరస దాటాడు. పల్లం దిగాడు. నేను ఆ పల్లం దిగడం అదే మొదలు.

చెంచయ్య గుడిసె ముందు వల బాగుచేసుకుంటున్నాడు. మాలకొండయ్యని చూసి లేచాడు, నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. వాడి పెళ్ళాం పోలమ్మ పిల్లల్ని గుడిసెలోకి నెట్టింది.

"కోడి మేం తియ్యలా సామీ."

"కోడి పోలేదు చెంచయ్యా."

"మరి అందర్నీ పిలిస్తిరే ఆ పొద్దు?"

మాలకొండయ్య నన్ను ఇసకలో దించాడు. "జనాభా లెక్కకి పిలిచాం."

చెంచయ్య మళ్ళీ ముందుకొచ్చాడు. "అదా! అది రాయించుకున్నాం సామీ. అవతల ఒడ్డున తుమ్మల్లో దాక్కుని ఉంటే ఒక పంతులమ్మ వచ్చింది. మేం మళ్ళా లేచి పోబోతే, పోవద్దని ఇసకలో కూచుంది, చెప్పులు పక్కన పెట్టుకుని. మా పోలి కాల్చిన చేప పెడితే తినింది. ముల్లు గొంతులో ఇరుక్కుంటే మేమే తీశాం. యాడుంటారని అడిగింది. ఈ వాగులోనే తల్లీ అన్నాం. అయితే మా నల్లమిట్టలో రాసుకుంటానంది. మా ముసిలోణ్ణి కూడా పేరుపెట్టి రాసింది, సామీ. ఆయనకొక పేరుందని మాకే తెలియదు!" అని నవ్వాడు.

మాలకొండయ్య నవ్వలేదు. "మీరు మా గొర్రెలబండోళ్ళు గదరా" అన్నాడు. అన్నాక ఆయనకే ఆ మాట కొత్తగా వినిపించినట్టుంది.

"అట్టనా సామీ?" అన్నాడు చెంచయ్య. ఎగతాళికి కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

 మాలకొండయ్య నన్ను ముందుకు జరిపాడు. "కూచో."

"నేనా! నాకు కుర్చీ ఎందుకు సామీ?"

"ఉండనీ. మీ గుమ్మంలో ఉండనీ. వచ్చే లెక్కకి సారు ఈడికే వచ్చి కూచుంటాడు."

ఆయన పోయాడు. చెంచయ్య, పోలమ్మ నా చుట్టూ రెండుసార్లు తిరిగారు. పోలమ్మ కాలితో తట్టి చూసింది. ఎత్తు చూసింది. ఆ తర్వాత ఎంతో తేలికగా నన్ను బోర్లా తిప్పేసి, నాలుగు కాళ్ళమీదా తడివల పరిచింది. కొలిచి చేయించినట్టు సరిపోయింది.

కుళాయి సంగతి అడుగుతారేమో. గొట్టం ఇప్పటికీ నల్లమిట్ట చుట్టే తిరుగుతోంది. ప్రెసిడెంటు చూద్దాంలే అంటున్నాడు. యానాది గుడిసెలతో కలిపి ఆ ఊరికి జనం పెరిగారని మరో వార్డు కూడా వచ్చిందట. గుడిసెలకి నీళ్ళు అటునుంచీ రాలేదు, ఇటునుంచీ రాలేదు. వాళ్ళు వాగులో చెలమ తీసుకుని తాగుతున్నారు.

నా ఒంటినిండా ఇప్పుడు చేపల వాసన. ఎండ బాగా తగులుతోంది, చెద భయం లేదు. పొద్దున్నే మాలకొండయ్య మందని వాగుకి తోలుకొచ్చి, చెంచయ్యకి ఎదురుగా ఇసకలో గొంతుకూర్చుంటాడు. చేపల గురించి అడుగుతాడు, పిల్లల గురించి అడుగుతాడు. చివరికి అసలు మాటకి వస్తాడు.

"వచ్చేసారి మాలో రాయించుకుంటారు గదా?"

చెంచయ్య వల దారం పంటితో తెంపుతాడు. "పదేళ్ళు గదా సామీ. వాగు ఏ ఒడ్డు కోసుద్దో, మేం యాడుంటామో."

మాలకొండయ్య లేవడు. వల రెండో కొస పట్టుకుని చెంచయ్యకి అందిస్తాడు.