దెయ్యాల నవలల మీద శౌరమ్మ అభిప్రాయం

"నా రాతలో తప్పులుంటే మన్నించాలి. అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నాను, అందుకని ఆలస్యంగానే రాస్తాను." శౌరమ్మ అద్దెకు తెచ్చి చదివిన ఏ పుస్తకం వెనకైనా ముందు ఈ రెండు ముక్కలు రాసేది, తర్వాతే అసలు సంగతికి వచ్చేది. ఆ రోజు ఆసుపత్రి వరండాలో కొడుకు యేసుబాబు ఒక తెల్లకాగితం, పెన్ను తెచ్చి ఒళ్లో పెట్టినప్పుడు కూడా ఆమె నోట ఇంచుమించు అదే మాట వచ్చింది.

"నా రాత బాగుండదురా. తప్పులు పోతాయి."

"తప్పులుంటేనే మంచిదమ్మా. నువ్వే రాశావని నమ్ముతారు." అతను వంగి గొంతు తగ్గించాడు. "ఎంతో అక్కర్లా, నాలుగు ముక్కలు. మెట్లు తడిగా ఉన్నయ్యి, కోడలు గిన్నెలు పట్టుకుని దిగతా జారిపడింది, నేను కళ్లారా చూశాను. కింద సంతకం. ఇక్కడి పోలీసు అవుట్‌పోస్టులో ఆ కానిస్టేబులమ్మ అడుగుతుంది. ఇంట్లో ఉన్నది నువ్వొక్కదానివే కదా, నువ్వు రాసిస్తే ఇంకెవర్నీ అడగరు. ఆ దెయ్యాల పుస్తకాల వెనక పేజీలు పేజీలు రాస్తావుగా, ఇదీ అంతే అనుకో."

"రాయకపోతే?"

యేసుబాబు నవ్వాడు. "నేను లోపలికి పోతాను. నీకు బువ్వెవడు పెడతాడు, ఆ పుస్తకాల షాపావిడా?" భుజం మీద తట్టి, "తొందరేం లేదు, నిదానంగానే రాయి" అని టీ తాగడానికి వెళ్లాడు. తల్లి ఎంత నిదానంగా రాస్తుందో అతనికి తెలుసు. పాలవాడికి చీటీ రాయడానికి పావుగంట పట్టిందని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పి నవ్వించేవాడు.

లోపల వార్డులో కోడలు బ్లెస్సీ పడుకుని ఉంది. దవడ విరిగింది. తలలో పదకొండు కుట్లు. కుడిచెయ్యి మోచేతి దాకా పిండికట్టులో ఉంది. కళ్లు తెరుస్తోంది, మనుషుల్ని గుర్తుపడుతోంది, కానీ నెలరోజుల దాకా మాట రాదన్నారు డాక్టరుగారు. చెప్పడానికి నోరు లేదు, రాయడానికి చెయ్యి లేదు. ఈ కాగితం మీద ఏముంటే అదే జరిగినట్టు. మెట్లు తడిగా ఉన్నాయని ఉంటే, కుట్లు విప్పాక బ్లెస్సీని మళ్లీ ఆ మెట్లే ఎక్కించి ఆ ఇంటికే తీసుకెళ్తారు.

శౌరమ్మకు అక్షరాలు నేర్పింది బ్లెస్సీయే. అప్పటికి శౌరమ్మకు యాభై నాలుగేళ్లు. ఉయ్యూరు దగ్గర చెరుకు తోటల్లో ముప్పై ఏళ్లు ఒంగి పనిచేసిన మనిషి, చదువు కోసం ఎప్పుడూ ఒంగలేదు. మొగుడు నతానియేలు, "నీకు చదువెందుకే, బస్సు రంగు తెలిస్తే చాలదా" అనేవాడు. ఆయన పోయాక కొడుకు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనికి కుదిరాడు, ఆమెను తెచ్చి ఆ పక్కనే మేడమీద రెండు గదుల వాటాలో పెట్టాడు. పెట్టాడంటే, వంటకీ అంట్లకీ బట్టలకీ పెట్టాడు. ఏడాది తిరక్కుండా కోడలొచ్చింది. బ్లెస్సీ ఇంటర్ దాకా చదివింది. కందిపప్పు ప్యాకెట్టు మీద, కరెంటు బిల్లు మీద, గోడ మీద అంటించిన ఓట్ల కాగితాల మీద వేలు పెట్టి చూపించింది. "అత్తమ్మా, ఇదేంటో చెప్పుకోండి చూద్దాం" అనేది, తప్పు చెబితే నవ్వేది కాదు. జీవితంలో మొదటిసారి ఒకరి ముందు తప్పు చేసి తిట్లు తినకపోవడం శౌరమ్మకు చాలా వింతగా ఉండేది.

ఆ కోడలికి తను చేసిందేమిటో కూడా ఆమెకు గుర్తే. పెళ్లయిన రెండో నెలలో యేసుబాబు కూర చల్లారిందని కంచం విసిరి చెంప మీద కొట్టినప్పుడు, తను బ్లెస్సీ చెవిలో "వాడు వేడి మీదున్నాడు, కాసేపు మాట్లాడమాకు" అంది. తన అత్త తనకు చెప్పిన మాట అది. ఆ మాటను మూటలా అంతదూరం మోసుకొచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

పటమటలో ఉషశ్రీ అనే ఆవిడ అద్దె పుస్తకాల షాపు నడుపుతుంది. ఫోన్లొచ్చాక అలాంటివన్నీ మూతపడ్డాయి, ఈవిడ మాత్రం మొండిగా ఉంచింది. శౌరమ్మ రోజూ పొద్దున్నే అక్కడ ఊడ్చేది, పుస్తకాల దుమ్ము దులిపేది. ఆ షాపులో ఒక పద్ధతుంది. ప్రతి పుస్తకం వెనక అట్టకు గీతల కాగితం ఒకటి అంటించి ఉంటుంది. చదివినవాళ్లు దాని మీద తమ అభిప్రాయం రాయాలి. రాయకపోతే ఉషశ్రీ ఇంకో పుస్తకం ఇవ్వదు. కొత్తగా వచ్చినవాళ్లు కథ చూడరు, ముందు ఆ కాగితమే చదువుతారు. "పర్లేదు", "శుద్ధ బోరు", "చివరి ముప్పై పేజీలు ఎవడో చింపేశాడు, వాడి చేతులు పడిపోను", ఇలా ఉండేవి. శౌరమ్మకు చదవడం వచ్చిందని తెలిశాక ఉషశ్రీ ఒక దెయ్యాల నవల చేతిలో పెట్టి, "పెద్దచ్చులో ఉంది, తీసుకెళ్లండి శౌరమ్మగారూ. రాయడం మాత్రం మీకూ తప్పదు" అంది.

కింద వాటా ఆవిడ ఆ అట్ట మీద బొమ్మ చూసి, "చర్చికెళ్లేదానివి, ఈ దెయ్యాల పుస్తకాలేంటి పిన్నీ?" అని అడిగితే శౌరమ్మ, "బైబిల్లోనూ ఉన్నయ్యమ్మా దెయ్యాలు. అక్కడ వెళ్లగొడతారు, ఇక్కడ ఉండనిస్తారు, అంతే తేడా" అంది.

దెయ్యాల నవలలు వరసగా పద్నాలుగు చదివింది. పద్నాలుగో దాని వెనక ఇలా రాసింది: "దెయ్యాలన్నీ ఆడవాళ్లే ఎందుకయ్యారో ఈ పుస్తకం రాసినాయన చెప్పాలి. పాడుబడ్డ బంగళాలో తెల్లచీర, విరబోసుకున్న జుట్టు. ఆమెను చంపినవాడు మాత్రం ముసలాడై మంచం మీద పోతాడు, దెయ్యం అవ్వడు. బతికుండగా నోరెత్తనివ్వని మనిషిని చచ్చాక అరవనిస్తున్నారు. నాకు భయం వెయ్యలేదు. అన్నం పెట్టి కూర్చోబెట్టి ఏం జరిగిందో అడగాలనిపించింది." దాని కింద ఎవరో మగ దస్తూరీతో, "మగదెయ్యం వస్తే ఎవరు భయపడతారండీ?" అని రాశారు. శౌరమ్మ దాని కింద మళ్లీ, "బతికున్నవాడికి భయపడటానికే సరిపోతోంది" అని రాసింది. ఉషశ్రీ అది చదివి నవ్వలేక కుర్చీలోంచి పడినంత పని చేసింది. తర్వాత ఆ పుస్తకం మూడు నెలలు షాపులో నిలవలేదు, ఆడవాళ్లే తీసుకెళ్లారు.

రాకుమారులు, మాంత్రికుల పుస్తకాలు ఆమెకు రుచించలేదు. "ఏడు సముద్రాలు దాటి గుహలోంచి రాకుమారిని తెచ్చాడు, బాగుంది. తెచ్చాక ఆమె ఏం చేసిందో ఒక్క ముక్క లేదు. గుహలో అయితే వంట పని లేదు" అని రాసింది. ఇంకోదానిలో కప్పుకుంటే మనిషి కనపడకుండా పోయే మాయదుప్పటి ఉంది. "దీనికి దుప్పటెందుకు? ఇంట్లో అందరూ తినేదాకా వంటగదిలో నిలబడితే చాలు, ఎవరికీ కనపడం" అని దాని వెనక రాసింది. ఎక్కువ ఇష్టపడి చదివింది హత్యల నవలలు. అయినా వాటి మీదే ఎక్కువ కోపం. పాలవాడి దగ్గర్నుంచి లాయరు దాకా అందరినీ అనుమానించి, ఆఖరి పేజీలో అసలువాడిని పట్టుకుంటారు. వాటిల్లో ఒకదాని వెనక శౌరమ్మ రాసిన మాటను ఉషశ్రీ ఫొటో తీసి తన ఫోనులో దాచుకుంది. "మా ఇళ్లల్లో ఎవరు చేశారో మొదటి పేజీలోనే అందరికీ తెలుసు. ఆఖరి పేజీ దాకా ఎవరూ అడగరు."

అది రాసినప్పుడు ఆమె మనసులో ఉన్నది సుధామణి. సుధామణి ఆమె తోడికోడలు, మరిది ఆమోసు పెళ్లాం. ముప్పై ఏళ్ల కిందట కాలవలో శవమై తేలింది. అంతకు ముందురోజు ఆమోసు ఆమెను జుట్టు పట్టుకుని కాలవగట్టు వైపు ఈడ్చుకెళ్లడం శౌరమ్మ పశువుల పాకలోంచి చూసింది. పోలీసులొచ్చారు. బట్టలుతుకుతూ కాలుజారిందని అప్పటికే కాగితం తయారుగా ఉంది. ఇంట్లో ఆడమనిషి చెబితే బాగుంటుందని, నతానియేలు ఆమె బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది కాగితం మీద నొక్కాడు. సబ్బుతో ఎంత తోమినా ఆ నలుపు రెండ్రోజులు పోలేదు, ఆ వేలితోనే ఆమోసుకి అన్నం వడ్డించింది. తర్వాత ఊళ్లో సుధామణి దెయ్యమైందనీ, చీకటిపడితే ఆ రేవు వైపు పోకూడదనీ అనుకున్నారు. ఆమోసుకి ఆర్నెల్లలో మళ్లీ పెళ్లయింది. చదువు రాదు కాబట్టి ఆ కాగితంలో ఏముందో నాకేం తెలుసని శౌరమ్మ తనకు తాను చాలా ఏళ్లు చెప్పుకుంది. తెలుసు. చదవడం రాకపోయినా తెలుసు.

ఇక నిన్న. శౌరమ్మ హత్య నవల ఆఖరి అధ్యాయం పైకి చదువుతోంది. బ్లెస్సీ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "ఆ డ్రైవరే చంపుంటాడత్తమ్మా, చూడండి కావాలంటే. ఇంకొక్క పేజీ, ప్లీజ్" అంటోంది. ఆ ఒక్క పేజీ మూడయ్యాయి. షెడ్డుకి పంపాల్సిన క్యారేజీ కట్టలేదు. యేసుబాబు తనే వచ్చాడు. కథలు చెప్పుకుంటున్నారా అన్నాడు, పుస్తకం లాక్కుని గుమ్మంలోంచి మెట్ల మీదకి విసిరాడు. బ్లెస్సీ దాని కోసం లేచింది. "అద్దె పుస్తకం అండీ, అత్తమ్మ మాట పోద్ది" అంది. అంతే అంది. పైమెట్టు మీద వంగిన ఆ పిల్ల నడుము మీద అతను కాలితో తన్నాడు. పద్నాలుగు మెట్లు. మెట్లు ఎండకి ఎండి, బూడిదరంగులో, పొడిగా ఉన్నాయి.

శౌరమ్మ పెన్ను మూత తీసింది. నేను గనక ఆ పేజీ చదవకుండా ఉంటే, అనే ఆలోచన వచ్చింది. వచ్చినదాన్ని ఆమె అక్కడే ఆపింది. తను కూడా మొగుడి దెబ్బలకి మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లింది. కళ్లాపి చల్లుతూ పడ్డానని ఒకసారి, గేదె పొడిచిందని ఒకసారి, నిద్రలో మంచం మీంచి పడ్డానని ఒకసారి చెప్పింది. మూడుసార్లూ కారణం తనలోనే వెతుక్కుంది, ఉప్పు ఎక్కువైందనో, ఎదురు మాట్లాడాననో. ఒళ్లు విరిగిన మనిషే సంజాయిషీ కూడా చెప్పుకోవడం ఆ ఇళ్లల్లో పద్ధతి. అన్నం వండినట్టే అదీ ఆడవాళ్ల పనే. కొడుకు ముఖం కూడా గుర్తొచ్చింది. ఏడాది పిల్లాడప్పుడు విరేచనాలు పట్టుకుంటే ఉయ్యూరు ఆసుపత్రికి భుజానేసుకుని నడిచింది. ఆ పిల్లాడి మీద ప్రేమ పోలేదు, కడుపులో అక్కడే ఉంది, రాయిలాగా. దాన్ని తియ్యాలని ఆమె చూడలేదు. దాన్ని మోస్తూనే రాయడం మొదలుపెట్టింది.

ఒక్కో అక్షరం పెట్టి, చూసుకుని, ఇంకోటి పెట్టింది. "నిన్న పొద్దున పదకొండు గంటలకి నా కోడలు బ్లెస్సీ పైమెట్టు మీంచి కింద దాకా పడింది. నేను కళ్లారా చూశాను." ఇంత రాసేసరికి యేసుబాబు ఆమెకు కూడా ఒక పేపరుగ్లాసులో టీ పట్టుకుని వచ్చాడు.

"అయిందా?"

"ఇంకో రెండు ముక్కలున్నయ్యి."

అతను భుజం మీంచి తొంగి చూసి, పెదాలు కదుపుతూ చదివాడు. "అదీ. అట్టా రాయి. కళ్లారా చూశాననేది బాగా పడింది." ముఖం తేలికపడింది. "ఏం రాస్తావో అని హడలి చచ్చాననుకో. మెట్లు తడిగా ఉన్నయ్యని కూడా పెట్టు. నేను మందులు తెస్తాను, ఈలోపు సంతకం చేసి ఉంచు. టీ తాగు, చల్లారుద్ది."

అతను వరండా చివర మలుపు తిరిగేదాకా శౌరమ్మ చూసింది. తర్వాత రాసింది. "మెట్లు పొడిగా ఉన్నాయి. తన్నింది నా కొడుకు యేసుబాబు. ఇది మొదటిసారి కాదు. ముందువి కూడా నేను చూశాను, చెప్పలేదు. అడిగితే అన్నీ చెబుతాను."

లేచి అవుట్‌పోస్టు గదిలోకి తనే వెళ్లింది. కానిస్టేబులమ్మ కాగితం తీసుకుని చదివింది. మళ్లీ మొదట్నుంచి చదివింది. తల ఎత్తి, "మామ్మగారూ, ఇది రాసింది మీరేనా? ఎవరన్నా చెబితే రాశారా?" అంది.

"చెప్పింది వేరే. రాసింది ఇది."

"మీ అబ్బాయే కదండీ. రేపు మళ్లీ వచ్చి కాదంటే కుదరదు."

"రేపు కూడా ఇదే రాస్తానమ్మా. కొంచెం టైం పడుతుంది, అంతే."

ఆవిడ కాగితం బల్ల మీద పెట్టింది. కుర్చీ జరిపి, "కూర్చోండి. కింద మీ పేరు, వయసు, ఇప్పుడెక్కడుంటున్నారో రాసి సంతకం పెట్టండి" అంది. శౌరమ్మ పేరు రాసింది, వయసు రాసింది. ఆటోనగర్ అని రాయబోయి ఆగింది. ఈ కాగితం ఇచ్చాక ఆ వాటా తలుపు తనకు తెరుచుకోదు. ఉండడానికి చోటు ఉషశ్రీని అడగాలి, అడుగుతుంది, అది తర్వాత సంగతి. ఇప్పుడు ఎక్కడుంటున్నావన్నదానికి అబద్ధం లేని జవాబు ఒకటే కనిపించింది. రాసింది:

శౌరమ్మ, యాభై తొమ్మిదేళ్లు, ఆడవాళ్ల వార్డు, ఆరో నంబరు మంచం పక్కన, నేల మీద.