పంతొమ్మిది వరసల కాగితం

బ్యాంకు మేనేజరమ్మ కంప్యూటర్ తెర నా వైపు తిప్పింది. ఏడాదిన్నరలో పంతొమ్మిది యాప్ లోన్లు. ఒక్కటీ ఎగ్గొట్టలేదు, ఒక్కటీ గడువు దాటలేదు. అయినా నా సిబిల్ స్కోరు ఆరువందల పన్నెండే.

"కట్టారు, కాదనను. కానీ నెలనెలా వారం రోజుల అప్పు చేసే మనిషికి ఆటో లోన్ ఎలా ఇవ్వమంటారమ్మా?" అందామె. మీ తమ్ముడి పేరు మీద పెట్టి చూడండని సలహా కూడా ఇచ్చింది. నాకు ఒళ్లు మండింది. ఆటో నేర్చుకున్నది నేను, పాల్మాకుల నుంచి ఎయిర్‌పోర్టుకు మా షిఫ్టు ఆడవాళ్లను తిప్పబోయేది నేను, పేరు మాత్రం తమ్ముడు బ్లెసన్‌దట. వాడికి సైకిలే సరిగ్గా రాదు. రిపోర్టు ప్రింటు తీయించుకొని బయటికొచ్చాను.

ఆ పంతొమ్మిదిలో నావి నాలుగే. విమానాల లోపల శుభ్రం చేసే పని మాది, మొత్తం ఐదుగురం. ఏడో తారీఖు లోపు ఇవ్వాల్సిన జీతం మా కాంట్రాక్టరు పదిహేనుకు గానీ వేయడు. కిరాయి ఆగదు, గ్యాసు బండ ఆగదు. పాన్ కార్డూ పెద్ద ఫోనూ నా ఒక్కదానికే ఉన్నాయి కాబట్టి ఎవరికి అవసరమొచ్చినా నా పేరు మీదే తీసేదాన్ని. జీతం పడిన రోజే వాళ్లు తెచ్చి చేతిలో పెట్టేవారు, నేను కట్టేసేదాన్ని. మంచి పనే చేస్తున్నాననుకున్నాను. తీసిన ప్రతిసారీ నా పేరు అరుగుతోందని ఎవరికి తెలుసు?

మర్నాడు షిఫ్టుకు ముందు ఆ కాగితం మిగతా నలుగురి ముందు పరిచాను. "నా కొడుకు దవాఖాన పైసలు గివే," అని భాగ్యలక్ష్మి ఒక వరస మీద వేలు పెట్టింది. తారాబాయి ఏడ్చింది. ఏడవడం తర్వాత చూద్దాం, ముందు ఎవరి అప్పు పక్కన వాళ్లు సంతకం పెట్టండన్నాను. ఆ పక్కనే ఆ నెల జీతం ఎప్పుడు పడిందో నేను రాశాను. పంతొమ్మిది అప్పులూ ఎనిమిదికీ పదిహేనుకూ మధ్య తీసినవే.

కాగితం తీసుకెళ్లి సూపర్‌వైజర్ కొండల్‌కు ఇచ్చాను. బ్యాంకులో చూపించడానికి, జీతాలు ఆలస్యమైన మాట నిజమేనని రాసి, కంపెనీ ముద్ర వేసి ఇవ్వమన్నాను. కొండల్ చెడ్డవాడేం కాదు, కాంట్రాక్టరుకు భయపడే రకం. ఇట్లా మాట్లాడితే గేటు పాసు పోతుందన్నాడు.

"పాసు మీరిచ్చిన్రు, గుంజుకోండ్రి. వినీల అనే పేరు మా బాపు పెట్టిండు. లేటు జేసింది మీరు, ఖరాబైంది నా పేరు. రాసియ్యి అన్నా."

అప్పుడే విమానం వచ్చి ఆగింది. ప్రయాణికులు దిగాక మాకుండేది ఇరవై నిమిషాలు. నేను కదలలేదు. సుమలత చెత్త సంచులు కింద పెట్టింది. కళ్యాణి వాటి మీదే కూర్చుంది. వైర్‌లెస్‌లో కొండల్‌ను మాటిమాటికీ పిలుస్తున్నారు.

"నా నౌకరి పోతదక్కా," అన్నాడు మెల్లగా.

"గందుకే జల్ది రాయి. ఆటో వస్తే నీకూ సీటిస్త."

కొండల్ జేబులోంచి పెన్ను తీశాడు. ముద్ర పడేదాకా మాలో ఒక్కరం కూడా విమానం మెట్టెక్కలేదు.

ఈ కాగితంతో నా స్కోరు ఒక్క అంకె కూడా పెరగదని నాకు తెలుసు. ఫోన్లోంచి యాప్ తీసేశాను, స్కోరు కోలుకోవడానికి ఏడాది పడుతుందో రెండేళ్లు పడుతుందో. పట్టనీ. రేపు మాత్రం మేనేజరమ్మ బల్ల మీద ఆ కాగితం పెడతాను. లోన్ ఫారం మీద మళ్లీ నా పేరే రాస్తాను.