శివమ్మ పంపిన పిలుపు

జమ్మలమడుగులో ప్రేమకుమారి వాళ్లు చదువుకున్న ఆడపిల్లల హాస్టల్లో ఒక పద్ధతి ఉండేది. ఆరో తరగతిలో చేరిన ప్రతి పిల్లకూ పైతరగతి పిల్లనొకతెను అక్కగా అప్పగించేవాళ్లు. తల దువ్వడం, జ్వరమొస్తే గంజి తాగించడం, ఇంటి మీద బెంగతో ఏడిస్తే పక్కన పడుకోవడం ఆ అక్క పని. ప్రేమకుమారికి అట్లా దక్కిన చెల్లెలు శివమ్మ, పులివెందుల పక్క పల్లెలో గొర్రెలు కాసుకునే ఇంటి పిల్ల.

చదువులయ్యాక ప్రేమకుమారి ప్రొద్దుటూరులో టీచరయింది. హాస్టల్లో చదివినవాళ్లందరినీ ఏటా ఒక శనివారం పాత హాస్టలుకు పిలిచి, కలిసి వండుకు తినే అలవాటు చేసింది. దానికి అక్కాచెల్లెళ్ల సంఘమని పేరు పెట్టింది. మొదట్లో హాలు నిండిపోయేది. పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు, ఊళ్లలో పార్టీల కక్షలు ముదిరాయి. ఆడవాళ్లను బస్సెక్కనిచ్చే ఇళ్లు తగ్గిపోయాయి. ఆమె ఇంటింటికీ తిరిగి పిలిచేది. "వస్తాంలే అక్కా" అనేవాళ్లే గానీ వచ్చేవాళ్లు లేరు. పోయిన ఏడు వండిన అన్నంలో సగం, ఆస్పత్రి బయట కూర్చున్న రోగుల బంధువులకు పంచాల్సి వచ్చింది.

ఈ ఏడు పిలుపులు మొదలుపెట్టక ముందే ఆమె ఇంటి ముందు జీపు ఆగింది. ఎన్నికల రోజులు. జీపంటే వీధిలో వాళ్లు తలుపులు దగ్గరికి వేసుకునే కాలం. దిగిన మనిషి మర్యాదగానే మాట్లాడాడు. "నా పేరు గురప్ప, టీచరమ్మా. శివమ్మొదిన పంపిచ్చింది. ఈసారి మీ అక్కాచెల్లెళ్లంతా మా ఊర్లో కలుసుకోవాలంట. బస్సు మేమే పెడ్తాం. పొద్దున తీసకపోయి సాయంత్రం దింపుతాం. భోజనాలు గూడా మాయే."

శివమ్మను పులివెందుల దగ్గరే ఒక పెద్ద పార్టీ ఇంటికి ఇచ్చారు. మొగుణ్ణి అవతలి వర్గం చంపింది. అప్పట్నుంచి మొగుడి అన్న, బావ చెన్నకేశవులు చెప్పిందే ఆ ఇంట్లో మాట. ఇన్నేళ్లలో ఒక్కసారీ సంఘానికి రాని మనిషి ఇప్పుడు ఏకంగా బస్సు పంపుతానంటోంది.

బట్టల బజారులో కుట్టుమిషను పెట్టుకున్న హసీనా కూడా ఆ హాస్టలు పిల్లే. విషయం విని మిషను ఆపేసింది.

"అక్కా, మనోళ్లలో సగం మంది టీచర్లు. ఎలచ్చన్ల డ్యూటీకి పోయేవాళ్లు. ఆ ఇంట్లో భోజనం చేసినాక రేపు పోలింగు బూతులో వాళ్ల మొగం చూసి ఏం మాట్లాడ్తారు? ఇది శివమ్మ పిలుపు కాదు."

"మరి ఎవురిది?"

"నువ్వే పోయి చూడుపో. ఒట్టి మాటలు నాకెందుకు?"

ప్రేమకుమారి మరుసటి ఆదివారం పులివెందుల బస్సెక్కింది. అక్కడ దిగేసరికి గురప్ప జీపుతో ఎదురుచూస్తున్నాడు. తాను వస్తున్నట్టు వాళ్లకెవరికీ చెప్పలేదు. తన మీద కన్నేసి ఉంచారని అర్థమైంది.

జీపు పల్లెలో ఇంటి ముందు ఆగగానే శివమ్మ ఎదురొచ్చింది. చిక్కిపోయింది. హాస్టల్లో 'అక్కా' తప్ప వేరే పిలుపెరగని పిల్ల "రండి టీచరుగారూ" అంది. చెన్నకేశవులు అదే గదిలో మంచం మీద కూర్చున్నాడు. కాఫీ తాగినంతసేపూ లేవలేదు.

"అందరూ రావాల. మా బావ అన్నీ చూసుకుంటాడు" అంది శివమ్మ, పాఠం అప్పజెప్పినట్టు.

"ఎవురూ బయపడే పన్లేదమ్మా" అన్నాడు చెన్నకేశవులు. "ఆడోళ్ల బస్సును ఈ సీమలో ఎవుడూ ముట్టుకోడు."

భయం సంగతి తానసలు ఎత్తనే లేదు కదా అనుకుంది ప్రేమకుమారి.

లేచి వస్తుంటే శివమ్మ గడప దాకా వచ్చింది. "మన వార్డెను ఆనందమ్మ గారిని గూడా తప్పకుండా పిల్చుకొని రండి. ఆయమ్మ రాకపోతే నాకు బాగుండదు" అంది. కళ్లు మాత్రం ప్రేమకుమారి మొహం మీంచి తిప్పలేదు.

 ఆనందమ్మ చనిపోయి ఆరేళ్లు దాటింది. ఆ సమాధి దగ్గర అందరికంటే ఎక్కువ ఏడ్చింది శివమ్మే. మరచిపోయే మాట కాదు. ఈ పిలుపు నాది కాదు, నమ్మొద్దు అని చెబుతోంది. "అట్లే శివమ్మా, ఆయమ్మతో చెప్తాను" అని జవాబిచ్చింది ప్రేమకుమారి.

బస్టాండులో దింపడానికి చెన్నకేశవులు తానే బయల్దేరాడు. శివమ్మ కూతురు గంగాదేవి, పదమూడేళ్ల పిల్ల, ఎవరూ చెప్పకుండానే వచ్చి జీపు ముందు సీట్లో కూర్చుంది. ఆదివారం కాబట్టి షికారుకు వస్తోందేమో అనుకుంది ప్రేమకుమారి. కానీ ఆ పిల్ల దారి పొడుగునా రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది.

"రావద్దని చెప్పిందో, వచ్చి కాపాడమనిందో, ఎట్ల తెలుస్తాది?" అంది హసీనా, ప్రేమకుమారి తిరిగొచ్చి చెప్పిందంతా విని. "ఇదంతా ఆ బావ నేర్పిన నాటకం గూడా కావచ్చు."

ఆ అనుమానం ప్రేమకుమారికీ లేకపోలేదు. రెండు రోజులు ఆలోచించి గురప్పతో కబురు పంపింది: "మావాళ్లు పల్లెకు రావడానికి జంకుతాండారు. శివమ్మే జమ్మలమడుగుకు వచ్చి నచ్చజెప్పితే, మళ్లీ వారం అందరం మీ ఊరికి వస్తాం." చెన్నకేశవులు ఒప్పుకున్నాడు. చిన్నపిల్లను చూస్తే ఆడవాళ్లకు నమ్మకం కుదురుతుందని, గంగాదేవిని కూడా తీసుకుపోవడానికి శివమ్మ అతన్ని ఒప్పించింది. ఆ సంగతి వీళ్లకు తర్వాత తెలిసింది.

శనివారం నాడు హాస్టలుకు చాలా ఏళ్ల తర్వాత ముప్పై మంది దాకా వచ్చారు. శివమ్మ వస్తోందన్న మాట చెవిన పడి, ఏం జరుగుతుందో చూద్దామని వచ్చినవాళ్లే ఎక్కువ. అవతలి వర్గం ఊరికి కోడలైపోయిన రమణమ్మ కూడా వచ్చింది. ఆమెను చూడగానే హసీనా ప్రేమకుమారి చెయ్యి గిల్లింది. "ఈయమ్మ ఈడ విన్న్యదంతా సాయంత్రానికి వాళ్లూర్లో చెప్తాది, చూస్తాండు."

జీపు గేటు బయట ఆగింది. మగవాళ్లు లోపలికి రాకూడదన్నది ఆ హాస్టలు కట్టడి. గురప్ప, వాడి మనుషులు అక్కడే చెట్టు కింద బీడీలు ముట్టించారు.

వంటింట్లోకి రాగానే శివమ్మ ప్రేమకుమారి భుజం మీద పడిపోయింది. "అక్కా" అంది.  తర్వాత, పప్పు కలుపుతున్న ఆడవాళ్లందరి ముందూ చెప్పింది.

"మా బావ కొడుకు మీద కేసుండాది. పోలీసులూ వెదుకుతాండారు, అవతలోళ్లూ కాపు కాస్తాండారు. మిమ్మల్ని దింపేదానికి వచ్చే బస్సులో వాణ్ణి దాటియ్యాలని చూస్తాండారు. ఆడోళ్లుంటే బాంబులెయ్యరని. నా బిడ్డను బడి మాన్పించి ఏడాదయింది. మా బావ యాడికి పోయినా అది ముందు సీట్లో కూసోవాల. అదుంటే ఎవుడూ ఎయ్యడంట."

 గంగాదేవి గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"దాన్ని ఈడ చేర్పిచ్చండక్కా. ఇంగేం అడగను."

"మల్ల నువ్వు?" అంది హసీనా.

"నేను గూడా ఉండిపోతే గేటు పగలగొడ్తారు. నేను పోవాల. ఏదో వొగటి చెప్పుకుంటా."

సాయంత్రం శివమ్మ ఒక్కతే బయటికి రావడం చూసి గురప్ప బీడీ పారేశాడు. "పిల్ల యాడ?"

"ఈడ్నే చదువుకుంటాది" అంది ప్రేమకుమారి. 

"ఎవుర్నడిగి? మాయన్న ఊరుకుంటాడనుకున్న్యారా?" అంటూ గేటు మీద చెయ్యి వేశాడు.

అప్పుడు ఎవరూ అనుకోని పని చేసింది రమణమ్మ. అందరినీ తోసుకుంటూ ముందుకొచ్చి గేటుకు అడ్డం నిలబడింది. "నేనెవురో తెల్సు గదా నీకు? మా మొగోళ్లు మీకు పగోళ్లు. అది మీరూ మీరూ తేల్చుకోండి. ఈ పిల్ల మా చెల్లెలి బిడ్డ. నా మీద చెయ్యేసి లోపలికి రా, చూస్తాం."

వెనకే మిగతావాళ్లూ వచ్చి నిలబడ్డారు. అవతలి వర్గం ఇంటి కోడలి మీద, అదీ నడిబజారులో, చెయ్యి వేస్తే ఏమవుతుందో గురప్పకు తెలుసు. గేటు మీంచి చెయ్యి తీశాడు. శివమ్మ వెళ్లి జీపులో కూర్చుంది. ఈసారి ముందు సీట్లో ఆమె కూర్చుంది.

ఆ తర్వాతి రోజులు ప్రేమకుమారికి నిద్రపట్టలేదు. వీధిలో ఏ బండి ఆగినా కిటికీ సందులోంచి చూసేది. పులివెందుల నుంచి ఏ కబురూ లేదు. పోలింగుకు వారం ముందు ఒక పెళ్లిబస్సు మీద బాంబులు పడ్డాయని తెలిసింది. చెన్నకేశవులు కొడుకు అందులోనే ఉన్నాడు, బతికాడు. పెళ్లివాళ్ల ఆడమనుషులిద్దరు చనిపోయారు. ఆ పేర్లు వినేదాకా ప్రేమకుమారి కూర్చోలేకపోయింది. వాటిలో శివమ్మ పేరు లేదు. ఆ రోజు ఆమె ప్రార్థన చేసింది, కానీ దేనికి కృతజ్ఞత చెప్పాలో తెలియలేదు.

ఆ గొడవలో పోలీసులకు దొరికి, పాత కేసులో కొడుకూ, వాణ్ణి దాచినందుకు తండ్రీ జైలుకు పోయారు. అయినా కాపలా మనుషులు ఇంటిచుట్టూ ఉండడంతో శివమ్మ రాలేకపోయింది. వంతులు వేసుకోకపోయినా ఆదివారమొస్తే హాస్టల్లో గంగాదేవి కోసం ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. ఏళ్ల తరబడి ఏ పిలుపుకూ కదలనివాళ్లు, మైదుకూరు నుంచి కూడా, టిఫిన్ డబ్బాలతో దిగేవాళ్లు. రమణమ్మ తీపి ఓళిగలు తెచ్చేది. హసీనా గౌన్లు కుట్టింది. వచ్చినవాళ్లు ఆ పిల్లతోపాటు మిగతా పిల్లల తలలూ దువ్వి పోయేవాళ్లు.

కాపలా సడలాక, ఎండలు ముదిరే ముందు శివమ్మ ఆర్టీసీ బస్సులో ఒక్కతే వచ్చింది. కూతురు కాస్త ఒళ్లు చేసింది. చెట్టు కింద ఇద్దరినీ దూరం నుంచి చూస్తూ హసీనా అంది:

"అక్కా, వొగటి అడుగుతా, కోపం చేసుకోవద్దు. చెన్నకేశవులు మనల్ని వాడుకోవాలని చూసినాడు. శివమ్మ వాడుకునింది. అంతే గదా?"

 ఆ అనుమానం ప్రేమకుమారికీ ఎన్నోసార్లు వచ్చింది.

"ఆయప్ప అడగలేదు, హసీనా. శివమ్మ నోరు తెరిచి అడిగింది" అంది.

హసీనా నమ్మినట్టు లేదు. అయినా లేచి, బస్సుకు పోయేలోపు తినిపోదువుగానీ రమ్మని శివమ్మను కేకేసింది.