తలుపులు చేసింది మేమే

మా బావని నా కళ్ళముందే చొక్కా పట్టుకుని ఈడ్చుకుపోయారు. ఆయన గోదాము కాపలావాడు. ఇళ్ళు వదిలి పోం అన్న జనాన్ని సర్కారు ఆ గోదాములో కుక్కింది. తెల్లారేసరికి ఊపిరాడక అందరూ పోయారు. తప్పంతా కాపలావాడిదేనట, ఉరి తీస్తారట! అక్క ఏడవడం కూడా మానేసింది.

ఆ గోదాము తలుపు చేసింది మేమే, సర్కారు షెడ్డు వెల్డర్లం. గడియ బయటే. లోపల పిడి లేదు. గాలి కంతలకి రేకు అతికించమన్నారు, అతికించాం. ఊరూరా గోదాములకి అవే తలుపులు పంపాం.

బావ తరఫు వకీలమ్మ వచ్చింది. "బయటి దేశాల జడ్జీలు ఇవాళ మీ షెడ్డు చూడ్డానికొస్తున్నారు. ఒక్కడు చేసిన పనైతే ఇక్కడి కేసే, మీ బావకి ఉరితో సరి. సర్కారు విధానమని తేలితే ప్రపంచం మొత్తానికీ నేరం. అప్పుడు పెద్ద తలకాయలు బోనెక్కాలి" అంది.

ఆమె అటు వెళ్ళగానే మేనేజరు మమ్మల్ని లోపలుంచి షెడ్డుకి తాళమేయించాడు. జడ్జీలు పోయేదాకా ఇంతేనట. బయట పోలీసులు. లోపల ఉక్క, పొగ.

"నోరిప్పితే మనమే ఇరుక్కుంటాంరా. అతికించిన చేతులు మనవేగా" అన్నాడు మేస్త్రీ తాత.

"మూసుకుంటే బావ పోతాడు తాతా! రేపు ఇంకో ఊరికి తలుపులెవరు చేస్తారు? మనమేగా!"

"మా పిల్లల్ని నువ్వు సాకుతావా?" గయ్యిమంది షెడ్డులో గ్రైండరు పట్టే అక్క.

కిటికీలోంచి మేనేజరు తల పెట్టాడు. "కాపలావాడే సొంత బుద్ధితో చేశాడని జడ్జీలకి చెప్పేవాళ్ళు బయటికి రండి. ఇంటికెళ్ళిపోవచ్చు."

ఎవరూ లేవలేదు. గ్రైండరక్క కూడా.

జడ్జీల అడుగులు వినబడ్డాయి. తాత సుత్తి తీసి రేకు గోడని దబదబా బాదాడు. "తలుపులు చేసింది మేమేనయ్యా! ఒక్క ఊరికి కాదు, అన్ని ఊళ్ళకీ! పైవాళ్ళు చెయ్యమన్నారు!"

మేమందరం బాదాం. పోలీసులు తలుపు తీసి లాఠీలతో మీదపడ్డారు. తాత తల పగిలింది.

అప్పుడే పక్క షెడ్డులోంచి పెయింటర్లు అరిచారు: "రంగులేసింది మేము!"

"ఊరూరా మోసింది మేము!" లారీ డ్రైవర్లు.

"వాళ్ళు వింటున్నారు! కాపలావాడి కేసు కూడా తామే విచారిస్తామంటున్నారు! ఆపకండి!" వకీలమ్మ గొంతు చించుకుంటోంది.

మమ్మల్ని వ్యానులోకి తోశారు. వ్యాను నిండిపోయింది, వెనక మేమూ మేమూ అంటూ జనం ఇంకా వస్తూనే ఉన్నారు. ఇన్‌స్పెక్టరు ఇంకో వ్యాను కోసం ఫోను మీద ఫోను కొడుతున్నాడు.