నిచ్చెన చేతికి బంతి

ఆ రోజు తెల్లవారేసరికి ఆకాశమంతా మబ్బు కమ్ముకుని ఉంది. కురిసే మబ్బూ కాదు, విడిపోయే మబ్బూ కాదు. గాలి బొత్తిగా లేదు. ఇంటి దగ్గర పీకిన ఉల్లి కళ్ళంలో ఆరుతోంది. పట్టా కప్పమని అన్నయ్యకి చెబుదామా వద్దా అని వ్యాను పక్కన నిలబడి చాలాసేపు పైకే చూశాను. చివరికి ఫోన్ చేశాను.

"ఇక్కడ ఎండ మాడ్చేస్తోందిరా. నువ్వు నీ బండి సంగతి చూసుకో," అన్నాడు.

నాది సంతకి మనుషుల్నీ మూటల్నీ తిప్పే వ్యాను. కాలేజీ బస్సు చెడిపోయి షెడ్డులో పడింది కాబట్టి అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుని ఈ నగరానికి తీసుకొచ్చే పని నాకు తగిలింది. జట్టులో నా కూతురు ఉంది. లేకపోయినా వచ్చేవాణ్ణే, కిరాయి కిరాయే. కాకపోతే రాత్రిళ్ళు నిద్ర పట్టేది.

జట్టులో పెద్ద పిల్లలంతా కిందటేడు చదువులు ముగించుకుని వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళకి ఇంకా పాలబుగ్గలు పోలేదు. ఎలాగో కిందా మీదా పడి, ఎవరో ఓడిపోతే వీళ్ళకి దారి దొరికి, ఈ టోర్నమెంటుకి వచ్చారు. ఇక్కడ ఒక్కసారి ఓడితే ఇంటికే. అలాంటిది నిన్న క్వార్టర్ ఫైనల్లో గెలిచి కూర్చున్నారు. ఇవాళ సెమీ ఫైనల్. అదీ గెలిస్తే రేపు ఫైనల్.

"బాబాయ్, నీ బండిలో ఓ సుఖం ఉంది," అంది కెప్టెన్ వ్యాను ఎక్కుతూ. "ఓడిపోయి ఏడిచినా ఉల్లిపాయల ఘాటు అనుకుంటారు."

ఆ కెప్టెన్‌ని అందరూ గోళీ అంటారు. పొట్టి పిల్ల. నేల మీద వదిలితే ఎటు దొర్లుతుందో తెలియదు. మా అమ్మాయిని నిచ్చెన అంటారు. మా ఇంటి గుమ్మంలోంచి తల వంచకుండా రాలేదు.

ఆ ఆట గురించి నాకు తెలిసింది తక్కువే. పరిగెత్తుతున్నంతసేపూ ఎవరికీ భయపడే తీరిక ఉండదు. ఫ్రీ త్రో ఒక్కటే అలా కాదు. బంతి వేయబోయే పిల్లని అవతలివాళ్ళు కొడితేనో, పట్టుకు లాగితేనో రిఫరీ ఈల వేస్తాడు. గడియారం ఆగిపోతుంది. ఆ పిల్ల గీత వెనక నిలబడి, ఎవరూ అడ్డు రాకుండా, రెండుసార్లు రింగులోకి బంతి వేసుకోవచ్చు. వినడానికి వరంలా ఉంటుంది. మా అమ్మాయి నాతో కబుర్లు చెబుతూ వేసేసేది వాటిని.

టోర్నమెంటుకి ముందు జరిగిన ఆఖరి మ్యాచిలో రెండూ పోయాయి. ఎందుకు పోయాయో దానికీ తెలియదు. ఎవరూ ఏమీ అనలేదు. అక్కణ్ణుంచి భయం పట్టుకుంది. నిన్న ఒక బంతి రింగుకి తగలకుండానే కింద పడింది. అది అవతలి జట్టు కనిపెట్టింది. ఇంక మా పిల్ల చేతికి బంతి రావడం పాపం, వాళ్ళ బెంచీ మొత్తం లేచి నిలబడి, "పొడుగుదాన్ని పట్టుకోండి! పట్టుకోండి!" అని అరవడం. పట్టుకోవడం, ఈల, గీత, పోవడం. మళ్ళీ పట్టుకోవడం. గోళీ పుణ్యమా అని గట్టెక్కాం.

మా పిల్లలు ఓడిపోతారని నాకు పెద్ద దిగులు లేదు. ఓడితే బండి తిప్పుకుని ఇంటికి పోతాం. ఇంకోసారి ఆ గీత దగ్గర తలవంపులైతే ఇది బంతే వదిలేస్తుందని నా దిగులు. చిన్నప్పుడు కాలవలో ఒకసారి మునిగి లేచింది. ఈనాటి దాకా మళ్ళీ నీళ్ళలో కాలు పెట్టలేదు. దాని తీరు నాకు తెలుసు. ఈ బంతి వల్ల దానికి నడకలో వచ్చిన నిటారుతనం కూడా తెలుసు. అంతకు ముందు తన ఎత్తుకి తనే సిగ్గుపడి భుజాలు ముడుచుకుని నడిచేది.

సెమీ ఫైనల్‌కి ముందు హాల్లో మా పిల్లలు తప్ప జనం ఇంకా రాలేదు. నేల తుడుస్తున్నాయన నా పక్కకి వచ్చి తుడుపుకర్ర ఆనించి నిలబడ్డాడు.

"ఏ జట్టు మీది?"

గోళీ వాళ్ళని చూపించాను.

"ఓ, ఆ పొడుగమ్మాయి జట్టా," అన్నాడు. తుడుపుకర్ర మళ్ళీ అందుకుంటూ, "పాపం," అన్నాడు.

అతను మంచివాడే. మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయో కూడా చూపించాడు. అయినా ఆ పాపం అన్న మాట మ్యాచ్ అయ్యేదాకా నా చెవిలో జోరీగలా తిరిగింది.

ఆట హోరాహోరీగా సాగింది. ఆఖరి నిమిషాలకి వచ్చేసరికి ఒక సంగతి గమనించాను. గట్టు మీద నిలబడి నీళ్ళు ఏ మడికి పోతున్నాయో చూడటం అలవాటైనవాడికి ఇది కనపడకుండా పోదు. బంతి నలుగురి మధ్యే తిరుగుతోంది. అయిదో మడికి గట్టు వేసేశారు. మా అమ్మాయి రింగు దగ్గర చెయ్యెత్తి నిలబడింది. గోళీ అటు చూసి, ఇటు ఇచ్చింది. ఇంకో పిల్ల అటు చూడనే లేదు. ఎత్తిన చెయ్యి కాసేపు అలాగే ఉండి, మెల్లగా కిందికి దిగింది.

ఉన్నమాట చెప్పాలంటే నాకు గుండె కుదుటపడింది. బంతి దాని దగ్గరికి రాకుండా ఇలాగే కాలం గడిచిపోతే చాలుననుకున్నాను.

గెలిచారు. పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి అరిచారు. మా అమ్మాయి కూడా అందులో ఉంది, అంచున. తరవాత చూస్తే హాలు వెనక కుళాయి దగ్గర కడిగిన మొహమే మళ్ళీ కడుక్కుంటోంది.

"గెలిచాం కదే, మొహం అలా పెట్టావేం?" అన్నాను.

"ఆఁ, గెలిచాం."

"మరి?"

"నాకు బంతి ఇవ్వడం లేదు, నాన్నా. చూడలేదా నువ్వు?"

"ఆటలో అలా జరుగుతుందేమోలే..."

"నువ్వు అబద్ధం చెప్తే గెడ్డం గోక్కుంటావ్," అంది. చెయ్యి దించుకున్నాను. "నిన్న బంతి నా చేతికొచ్చినప్పుడల్లా నువ్వు తల దించుకుని చెప్పులు చూసుకున్నావ్. పై నుంచి నాకు అన్నీ కనపడతాయి. ఇవాళ ఆఖర్లో ఒక్కసారి కూడా దించుకోలేదు. ఇవ్వరని నీకూ తెలిసిపోయింది కాబట్టి."

జేబులో రుమాలు కోసం వెతికాను.

"వాళ్ళు తిట్టినా బాగుండేది," అంది. "నేను గాజుగ్లాసునైనట్టు అటూ ఇటూ జరిగి నడుస్తున్నారు." కుళాయి కట్టేసి, తడి చేతులు నా చొక్కాకే తుడుచుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు ఫైనల్‌కి వెళ్ళేటప్పుడు వ్యానులో ఎవరూ పాడలేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వెనక నుంచి మా అమ్మాయి గొంతు వినిపించింది.

"గోళీ, నిన్న నాకెందుకు ఇవ్వలేదే?"

"ఏంటి ఇవ్వలేదు?"

"బంతి. నాకు చుట్టుపక్కల ఈగ కూడా లేదు. చెయ్యి నొప్పెట్టేదాకా ఎత్తాను."

"కనపడలేదే."

"నేనా? కనపడలేదా?"

ఎవరో కిసుక్కుమన్నారు. వెంటనే ఆపుకున్నారు. అద్దంలో చూశాను. గోళీ మొహం కందిపోయింది.

"సరే, కావాలనే ఇవ్వలేదు," అంది గోళీ. "మొన్న రాత్రి నువ్వు దుప్పటి కప్పుకుని ఏడిచావ్. నేను విన్నాను. నిన్ను మళ్ళీ అక్కడ నిలబెట్టడం నాకిష్టం లేదు. చాలా?"

"నేను ఏడిస్తే నీకేంటి? నా ఏడుపు నేను ఏడుస్తా. నువ్వు బంతి ఇయ్యి."

"పోతే?"

"పోతే పోతుంది."

వెనకాల కారువాడు హారన్ కొట్టాడు. పచ్చలైటు పడి ఎంతసేపైందో. కంగారులో గేరు తప్పించాను, బండి ఒక్క కుదుపు కుదిపింది. "బాబాయ్, నువ్వు కూడానా!" అన్నారెవరో.

హాలు దగ్గర పిల్లలు దిగి లోపలికి పోయాక కోచ్ మేడం నా కిటికీ దగ్గర ఆగింది. ఆవిడా చిన్నదే. ఆట మానేసి ఎన్నాళ్ళో అయి ఉండదు. ఈలకి కట్టిన తాడు నోట్లో పెట్టుకుని నములుతోంది.

"ఆఖర్లో మీ అమ్మాయిని కూర్చోబెట్టేద్దామా అనుకుంటున్నానండీ," అంది. "ఆ పిల్ల కోసమే. ఇంత జనం ముందు మళ్ళీ పోతే... మీరేమంటారు?"

కూర్చోబెట్టండమ్మా అన్న మాట నాలిక చివరిదాకా వచ్చేసింది. ఒక్క మాట. దాంతో ఈ సాయంత్రం గడిచిపోతుంది, నేను గుండెల నిండా ఊపిరి పీల్చుకోవచ్చు. అదీ నన్ను ఒక మాట అనదు. నేనన్నానని ఎవరికీ తెలియదు కూడా.

"దాన్నే అడగండి," అన్నాను.

"అడిగాను. ఆడతానంది. అందుకే మీ దగ్గరికి వచ్చాను."

"అది చెప్పాక ఇంక నాదేముందమ్మా."

ఆవిడ తాడు నోట్లోంచి తీసి, నా మొహంలోకి చూసి, తల ఊపి వెళ్ళింది. వ్యాను తలుపుకి తాళం పెట్టబోతే తాళంచెవి కన్నంలో దూరడం లేదు. చూస్తే అది ఇంటి తాళంచెవి.

ఫైనల్లో అవతలి జట్టు మా పిల్లల కంటే ముదురు. వాళ్ళలో ఒకమ్మాయి మా అమ్మాయంత పొడుగు, అంతకి రెట్టింపు వెడల్పు. మా వాళ్ళు వెనకబడటం, అందుకోవడం, మళ్ళీ వెనకబడటం. నేను కూర్చోలేకపోయాను. నిలబడితే వెనకాయన కూర్చోమంటాడు. అటు సగం, ఇటు సగం వంగి మొత్తం ఆట చూశాను.

ఆఖరి క్షణాలకి ఇంకా రెండు పాయింట్లు వెనకే ఉన్నాం. బంతి గోళీ దగ్గరుంది. ఇద్దరు కలిసి దాన్ని మూలకి తరిమి కమ్మేశారు. ఇంకో ఇద్దరు మా మిగతా పిల్లల్ని అంటిపెట్టుకున్నారు. మా అమ్మాయి రింగుకి కాస్త ఇవతల చెయ్యెత్తి నిలబడి ఉంది. ఈసారి చెయ్యి దిగలేదు.

"గోళీ!" అని అరిచింది. ఇంట్లో కూడా అది అంత గొంతెత్తడం నేను వినలేదు.

గోళీ ఇద్దరి కాళ్ళ సందులోంచి బంతిని నేలకేసి కొట్టింది. అది ఒక్కసారి ఎగిరి మా అమ్మాయి చేతుల్లో పడింది. మా పిల్ల రింగు వైపు తిరిగి పైకి లేవగానే ఆ వెడల్పమ్మాయి వెనక నుంచి చేతుల మీద కొట్టింది. ఈల.

హాలంతా గోల. రెండూ వేస్తే సమానం. మా అమ్మాయి గీత వెనక్కి వచ్చి నిలబడింది. నా తల దానంతటదే కిందికి వంగబోయింది. మెడ బిగబట్టుకున్నాను. అది బంతి అందుకునే ముందు ఒకసారి జనంలోకి చూసింది. నన్నే చూసిందో, ఊరికే చూసిందో. నేను మాత్రం చూస్తూనే ఉన్నాను.

మొదటిది రింగుకి తగలకుండా నేరుగా లోపలికి దిగింది. వల మాత్రం కదిలింది. నా పక్కనున్నాయన, ఎవరో ఏమిటో, నా వీపు మీద చరిచాడు.

రెండోదానికి ఎక్కువసేపు తీసుకుంది. అంతసేపు తీసుకోకు తల్లీ అనుకున్నాను. బంతి వెళ్ళింది. రింగు అంచుకి తగిలి, అంచు మీదే సగం చుట్టు తిరిగింది. లోపలికి పడుతుందనే అనుకున్నాను. బయటికి పడింది. ఆ వెడల్పమ్మాయి దాన్ని కడుపుకి హత్తుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయింది. గడియారం మోగింది.

ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

మెట్లు దిగి వెళ్ళేసరికి మా అమ్మాయి గీత దగ్గరే నిలబడి ఉంది. కళ్ళమ్మట ధారలు. మొహం దాచుకోలేదు. గోళీ దాని ముందు నడుం మీద చేతులు పెట్టుకుని, తల బాగా పైకెత్తి చూస్తోంది. అదీ ఏడుస్తోంది.

"ఒకటి వేశాను," అంది మా అమ్మాయి.

"చూశాంలే," అంది గోళీ. "రెండోదేం పాపం చేసిందే?"

"వచ్చే ఏడు కూడా ఇస్తావా?"

"నీకు ఇవ్వక, ఆ మూలన నిలబడ్డ స్తంభానికిస్తానా?"

"ఆఖర్లో?"

"ఆఖర్లోనే ఇస్తా. నడు, ఆకలేస్తోంది."

మా అమ్మాయి నన్ను చూసింది. అది నా చేతికి తన సంచీ ఇచ్చింది. పట్టుకున్నాను.

మేం దిగిన హాస్టల్ భోజనాల గదిలో మిగతా జట్లన్నీ తినేసి వెళ్ళిపోయాయి. పొడుగాటి బల్ల ఒకటే మిగిలింది. వంటమనిషి మా మొహాలు చూసి ఏమీ అడగకుండా అన్నం, కూర, తలా ఒక ఉడికిన గుడ్డు తెచ్చిపెట్టింది. మేడం ఈల మెళ్ళోంచి తీసి బల్ల మీద పెట్టి పిల్లల మధ్యే కూర్చుంది. గోళీ వచ్చి మా అమ్మాయికి ఆనుకుని కూర్చుంది. గోళీది ఎడమచేతి వాటం, దీనిది కుడి. ముద్ద ఎత్తినప్పుడల్లా ఇద్దరి మోచేతులూ కొట్టుకుంటున్నాయి. బల్ల మీద బోలెడంత చోటుంది. ఇద్దరిలో ఎవరూ జరగలేదు. నేను వాళ్ళ ఎదురుగా కూర్చుని పళ్ళెం దగ్గరికి లాక్కున్నాను.