నిన్న ఈ ఇంట్లో తిన్నవాళ్లు

మా వీధిలో ఏదైనా తేలనప్పుడు మారియమ్మ ముందర పూలు వేసి అడుగుతాం. ఒక పొట్లంలో ఎర్రపూవు, ఇంకొకదానిలో తెల్లపూవు. కళ్లు మూసుకొని ఏది తీస్తే అదే అమ్మ మాట. ఈ సంగతి మదరాసు కాలేజీనుంచి వచ్చిన బాలకృష్ణన్‌కు ఎట్లా తెలుస్తుంది? ఆయన వచ్చినాడు, సుద్దముక్కతో నూరు ఇళ్లకూ నెంబరు వేసినాడు. జనం ఏం తింటారు, ఎట్లా బతుకుతారు అని విచారించి రాయాలంట. అందరినీ అడిగేదానికి పొద్దు చాలదు, పది ఇళ్లను చీటీలు వేసి తీస్తానన్నాడు. చీటీలు అనేసరికి వీధి పెద్ద వీరరాఘవ ఆయన్ను తిన్నగా అమ్మ గుడికి తోడుకొని పోయినాడు. ఇంత సాయం చేస్తున్నారే అని ఆయన, పాపం, సంతోషపడినాడు.

మా ఇంటి నెంబరు ముప్పైయేడు. గుడి మెట్టుమీద మా అత్త కుప్పమ్మాళ్ నా చెవిలో చెప్పింది. "బొమ్మీ, మొక్కుకున్నాను. మన నెంబరు వస్తే అళగిరి బతికి ఉన్నట్టు. రాకుంటే శుక్రవారం కర్మం చేసి నీళ్లు వదిలేద్దాం."

నాకు ఒళ్లు మండింది. అళగిరి ఆమెకు కొడుకైతే నాకు మొగుడు కాదా? రంగూన్ బియ్యం మిల్లుకు పోయి మూడేళ్లయింది. అక్కడ జపాన్‌వాళ్ల గుండ్లు పడినాక జాబు లేదు. నా తాళిని తీసుకొనిపోయి పరాయి ఊరి మనిషి చీటీకి ముడివేసేదానికి ఈమె ఎవరు? అడిగేద్దామనుకున్నాను. కానీ ఆమె నా చేయి గట్టిగా పట్టుకొని అమ్మ వైపే చూస్తా ఉంది. నోరు మూసుకున్నాను.

బాలకృష్ణన్ కళ్లు మూసుకొని కుండలోనుంచి పది చీటీలు తీసినాడు. పదోది ముప్పైయారు, మా పక్కిల్లు, వేదవల్లిది. అత్త ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి పడుకుంది.

నేను పోయి పత్తి దగ్గర కూర్చున్నాను. గింజలు తీస్తా ఉంటే నూగు లేచి ఇల్లంతా తేలుతుంది. రోజూ ఈ పొద్దుకే నా మొగుడు వస్తాడు. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. వాకిట్లో ఎండ తెల్లగా అయిపోతుంది, పడమటి కొండ వీధిలోకి జరిగి వచ్చినట్టుంటుంది, ఆయన కాళ్లనుంచి నీళ్లు కారతా లోపలికి వచ్చి పీట వాల్చుకుంటాడు. రాగి గంజి పోస్తాను. చిన్న ఉల్లిపాయ కొరుక్కుంటాడు. ఓడ ఆలస్యమయిందంటాడు. ఇంత ఆలస్యమా, దారిలో సముద్రాన్ని దున్ని పత్తి వేసి వచ్చినావా అంటాను. నవ్వుతాడు. కళ్లు తెరిస్తే పీట గోడకే ఆనుకొని ఉంటుంది.

ఆరోజు ఆయన ఇంకా గడప దాటలేదు, వాకిట్లో ఎవరో దగ్గినారు. చూస్తే బాలకృష్ణన్.

"పక్కిల్లు తాళం వేసి ఉందమ్మా. నిన్ననే సేత్తూరికి పెళ్లికి పోయినారంట. ఎంచిన ఇల్లు మూసి ఉంటే దాని తరువాతి ఇల్లు తీసుకోవాలని రూలు."

అత్త లేచి కూర్చుంది. "ఎవరి రూలు నాయనా? అమ్మదా?"

"మా ప్రొఫెసరుగారిది."

అత్త మొహం మళ్లీ వాడిపోయింది.

బాలకృష్ణన్ చాపమీద కూర్చొని కాగితం తీసినాడు. "ఇంట్లో ఎందరు?"

"ముగ్గురు" అన్నాను.

ఆయన నన్ను చూసినాడు, అత్తను చూసినాడు. "నిన్న ఈ ఇంట్లో తిన్నవాళ్లనే రాయాలమ్మా. ఆ మూడో మనిషి తిన్నారా?"

లేదంటే నా నోటితో నేనే నా మొగుణ్ణి కొట్టివేసినట్టు. అది నావల్ల కాదు.

"తిన్నాడు. మధ్యాహ్నం. రాగి గంజి, చిన్న ఉల్లిపాయ."

"ఇప్పుడు ఎక్కడ ఉన్నారు?"

ఏడుపు వచ్చేసింది. నిన్న మధ్యాహ్నం అత్త ఈ ఇంట్లోనే, ఇదే చాపమీద ఉంది. ఎవరు తిన్నారో ఎవరు తినలేదో ఆమెకు తెలుసు. నన్ను చాలాసేపు చూసింది. నేను తల దించుకున్నాను.

"ఒక ఉల్లిపాయ కాదు, రెండు" అంది అత్త. "వాడికి ఒకటి ఎప్పుడూ చాలదు. రాసుకో నాయనా. అళగిరి, ముప్పైరెండేళ్లు. పనికి పోయినాడు, వస్తాడు."

బాలకృష్ణన్ రాసుకున్నాడు.

శుక్రవారం పొద్దున అత్త బావి దగ్గర కూర్చొని మూడు కంచాలు తోమింది.