నాకు నీళ్లు పోసిన హుసేనప్ప

బ్యాటరీ కొనలకు పట్టిన తెల్లటి బూజు గీకి వేడినీళ్లతో కడగాలి. ఫ్యూజు తీసి చూడాలి. సన్న వైరు తీసేసి లావు వైరు వేయాలి. జీపును వీలైనంతవరకు నీడలోనే ఆపాలి. మూత ఎన్నిసార్లు తెరిచామో గీతలు పెట్టుకోవాలి. ఎర్రకుంట మాళింగప్ప మంద వలస బయలుదేరకముందే ఇదంతా తేలాలి.

ఈ చీటీ నా మూత మీదే అంటించి ఉండేది. రాసింది గంగరత్న. రాయవలసి వచ్చింది మాత్రం నావల్ల. కనీసం అందరూ అలాగే అనుకున్నారు.

నేను ఒక ప్రయాణపు ఫ్రిజ్‌ను. ఇంట్లో గోడకు ఆనుకుని నిలబడే పెద్దమనిషి ఫ్రిజ్‌ను కాను. రెండు చేతులతో ఎత్తి బండిలో పెట్టుకోదగిన పెట్టెను. బండి బ్యాటరీలోంచి వచ్చే పన్నెండు ఓల్టులే నాకు తిండి. నేను చలిని పుట్టిస్తానని జనం అనుకుంటారు. చలిని ఎవరూ పుట్టించలేరు. నా కడుపులోని వేడిని లాగి, పక్కనున్న జల్లెడ కంతల్లోంచి బయటికి ఊదేస్తాను, అంతే. ఈ ఒక్క సంగతి మనుషులకు తెలిసి ఉంటే నా కథ ఇంత పొడవు సాగేది కాదు.

నేను పుట్టిన ఫ్యాక్టరీలో చివరి బల్ల దగ్గర ఒక పరీక్ష ఉంటుంది. రోహిణి ఎండకంటే వేడిగా ఉన్న గదిలో నన్ను పూటంతా ఉంచి, లోపల ఎంత చల్లగా ఉందో చూశారు. ఐదు డిగ్రీలు దాటలేదు. నా అడుగున ముద్ర వేసి పంపారు. ఆ ముద్రను నేను ఎప్పుడూ మరవలేదు. తరువాత ఎవరెంత నిందించినా, లోపం నాలో లేదని ధైర్యంగా ఉండగలిగానంటే దాని బలమే.

నన్ను మొదట కొన్నది బెంగళూరు దంపతులు. సెలవు దొరికితే గుడారం కట్టుకుని కొండలూ చెరువుగట్లూ తిరిగేవాళ్లు. ఒకసారి గండికోట దగ్గర కారు ఆపి, అదే బ్యాటరీకి దీపాల దండ, పాటల డబ్బా, నాలుగు ఫోన్లు, వాటితోపాటు నన్నూ తగిలించారు. పొద్దున కారు కదల్లేదు. భర్త నావైపు వేలు చూపించి, "ఈ ఫ్రిజ్జే మొత్తం తాగేసింది" అన్నాడు. భార్య పళ్లు తోముకుంటూ, "పాటలకు డాన్సు చేసింది కూడా ఫ్రిజ్జేనా?" అని అడిగింది. ఆయన నా వైరు పీకేశాడు. కోపం జవాబు కోసం ఆగదు కదా. వాళ్ల బంధువు ఒకాయన అనంతపురం జిల్లాలో పశువుల డాక్టరు. "మాకిచ్చేయండి, టీకా మందులకు పనికొస్తుంది" అన్నాడు. అలా నేను సరదాలోంచి డ్యూటీలోకి వచ్చాను.

ఆ ఆసుపత్రిలో నా బాగోగులు చూసింది ఇద్దరే. ఒకరు గంగరత్న, టీకాలు వేసే సహాయకురాలు. వాళ్ల ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి. అందుకేనేమో, ఏ పనినీ నోటిమాటగా వదిలేది కాదు. పుస్తకంలో గీతలు కొట్టి, టైము వేసి, నా లోపలి వేడి ఎంతో, బ్యాటరీ ఓల్టులు ఎన్నో గంటగంటకూ రాసేది. రెండో మనిషి జీపు డ్రైవరు హుసేనప్ప. రిటైరు కావడానికి ఏడాదిన్నర ఉంది. గంగరత్న ఆయన్ను మామా అనేది. ఆయన ఆమెను పాపా అనేవాడు.

మా పని గొర్రెలకు పారుడు రోగం టీకా మోసుకెళ్లడం. ఆ రోగం ఒక గొర్రెకు సోకితే మంద మంద విరేచనాలతో కుప్పకూలుతుంది. టీకా సీసాలు రెండు డిగ్రీలకూ ఎనిమిది డిగ్రీలకూ మధ్యన ఉండాలి. అందులో నాకు తిరుగులేదు. పొద్దున ఒక ఊళ్లో మందలకు వేసి, మధ్యాహ్నం మరో ఊరికి పోవడం మా పద్ధతి. గొర్రెల కాపరి మాళింగప్ప ఉండే ఎర్రకుంట మాకు మధ్యాహ్నం ఊరు.

చిక్కంతా ఆ మధ్యాహ్నాల్లోనే వచ్చింది. పొద్దున ఊరిలో పని ముగించుకుని వచ్చేసరికి జీపు కదిలేది కాదు. నలుగురు గొర్రెల కాపరులు వెనకనుంచి తోస్తే తప్ప ఇంజను పలకదు. బ్యాటరీ మరీ నీరసించినప్పుడు నా అంతట నేనే ఆగిపోయే ఏర్పాటు ఒకటి నాలో ఉంది. ఎన్ని ఓల్టులకు ఆగాలన్న ఆ హద్దును గంగరత్న కిందికి దించింది. సీసాలు చల్లగా నిలిచాయి, జీపు చచ్చింది. హద్దును పైకి పెంచింది. జీపు బతికింది, నేను ముందే ఆగిపోయాను, సీసాలు వెచ్చబడ్డాయి. కొత్త బ్యాటరీ తెప్పించింది. అదీ అంతే.

వెచ్చబడిన సీసాలను ఆమె వాడలేదు. వాడినా ఎవరికీ తెలిసేది కాదు. పనికిరావని రాసి పక్కన పెట్టేసింది. ఎర్రకుంట మందలను మూడుసార్లు అలా వెనక్కి పంపింది. రెండోసారి తిప్పి పంపాక మాళింగప్ప బావమరిది ఇక ఆగలేక టీకా లేకుండానే కాలువ కింద పొలాలకు మందను తోలుకుపోయాడు. దారిలో నలభై గొర్రెలు పోయాయని కబురొచ్చింది. ఆ కబురు విన్నరోజు గంగరత్న నా ముందు కూర్చుని, లెక్కలు రాసిన పుస్తకం మొదటి పేజీ నుంచి మళ్లీ చదివింది.

అసలు సంగతి నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు.

జీపులో తాగే నీళ్ల కడవ ఒకటి ఉండేది. హుసేనప్ప దానికి గోనెపట్ట చుట్టి, గంటకోసారి తడిపేవాడు. నీళ్లు మంచులా ఉండేవి. ఆ చేత్తోనే నాకూ ఒక గోనెపట్ట తెచ్చాడు. గంగరత్న మందలో దిగి సూదులు వేస్తుండగా, ఎండ నడినెత్తికి రాగానే దాన్ని తడిపి, నన్ను నాలుగు పక్కలా బిగించి చుట్టేవాడు. "పాపం, అందరికీ సల్లగా పెట్టేదానివి నువ్వు. నీకు సల్లగా పెట్టేటోళ్లు ఎవురుండారు?" అనేవాడు. అంత ప్రేమగా నాతో ఎవరూ మాట్లాడలేదు. అంత ఘోరంగా నన్నెవరూ హింసించనూ లేదు. కడవకు ఒళ్లంతా ఆవిరైతే చల్లదనం. నాకు ఆ కంతలు మూసుకుంటే ఊపిరాడదు. ఊదిన వేడి మళ్లీ నాలోకే వస్తుంది. దాన్ని మళ్లీ ఊదాలి. గంటలో ఇరవై నిమిషాలు పనిచేసి మిగతాసేపు పడుకోవలసినదాన్ని, క్షణం కూడా ఆగకుండా బ్యాటరీని పీలుస్తూ పోయేదాన్ని. ఆమె వస్తోందని చూడగానే, మూత తెరవడానికి అడ్డం కాకూడదని గోనె తీసి సీటు వెనక వేసేవాడు. నా ఒంటి తడి చూసి, దుమ్ము తుడిచాడేమో అనుకునేది ఆమె.

ఆసుపత్రిలో పరీక్షించినప్పుడు నాకు గోనె లేదు. కాబట్టి రోగమూ లేదు. అత్తారింట్లో దగ్గి, డాక్టరు ముందు దగ్గని మనిషిలా తయారైంది నా పరిస్థితి.

చివరికి గంగరత్న ఒక పని చేసింది. మిషన్లు చూసేవాళ్లు సాధారణంగా చేయని పని. కొలిచి వెళ్లిపోకుండా, ఎర్రకుంట క్యాంపుకు ముందురోజు జీపును కావాలనే ఆసుపత్రి ఆవరణలో ఎండలో నిలబెట్టించి, పొద్దున్నుంచి నా పక్కనే కూర్చుంది. పది గంటలకు బాగున్నాను. పదకొండుకూ బాగున్నాను. పన్నెండుకు హుసేనప్ప బొక్కెనతో, తడి గోనెతో వచ్చాడు.

"కొంచెం జరుగు పాపా. దీనికి నీళ్లు పోసే యాళయింది."

"ఏం చేస్తాండావు మామా?"

"కడవకు పోయలా? అట్లే దీనికి గుడ. నువ్వు మందలో ఉంటావు, సూసుండవు. వచ్చిన కాడ్నుంచీ పోస్తాండా. ఒక్క దినం తప్పలా."

ఆ చివరి మాట ఆయన గర్వంగానే అన్నాడు. గంగరత్న గోనె అందుకుని పక్కన పెట్టింది. తరువాత ఆయన చేయి పట్టుకుని నా కంతల దగ్గర పెట్టింది.

"అబ్బా, కాలిపోతాంది!"

"లోపలి సెగంతా ఈడ్నుంచే బయటికి పోవాల మామా. మనం మూసేస్తిమి."

మనం అంది. నువ్వు అనలేదు. ఆ తేడా హుసేనప్పకు తెలిసింది. బొక్కెన కింద పెట్టి, జీపు మెట్టు మీద కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం సద్దిమూట విప్పలేదు.

"నలభై జీవాలు పాపా" అన్నాడు చాలాసేపటికి.

"నీకేం తెలుసు మామా. నాకే తెలీలేదు. నేను ఎవురికీ చెప్పనులే."

ఆమె పుస్తకంలో రాసింది ఒకే వాక్యం. గాలి ఆడనందువల్ల బ్యాటరీ దిగిపోయింది. ఎవరివల్ల ఆడలేదో రాయలేదు.

మరునాడు ఈసారి ముందుగా ఎర్రకుంటకే వెళ్లాం. కంపదొడ్డి వాకిట మాళింగప్ప భుజాన కంబళి వేసుకుని నిలబడి ఉన్నాడు. లోపల మూడు వందల పన్నెండు గొర్రెలు. పక్కన మరో నలుగురు కాపరులు. దొడ్డికి అడ్డంగా పెట్టిన కంపను ఆయన తీయలేదు.

"రా మేడమ్మా, రా. నీ డబ్బా కన్నా మా ఇంట్లో మజ్జిగకుండ నయం. అది సల్లగా ఉంటానని మాటిచ్చి మోసం సేయదు."

కాపరులు నవ్వారు. గంగరత్న నవ్వలేదు.

"ఇప్పుడు బాగైంది పెద్దాయనా. నాలుగు డిగ్రీలుంది, వచ్చి సూడు."

"అప్పుడు గుడ బాగైందనే అంటివి. ఇదిగో సూడమ్మా, టీకా ఏస్తే జీవాలకు జొరం తగుల్తాది, రెండు దినాలు మందను కదిలీయొద్దంటావు. ఈడ గడ్డిపోస లేదు. ఉత్తనీళ్లు పొడిపించుకోని, రెండు దినాలు నా గొర్రెల కడుపులు ఎండబెట్టుకోవాల్నా? ఏం బాగుసేసినావో సెప్పు. వింటా."

ఆమె చెప్పలేదు. చెప్పాలంటే హుసేనప్ప పేరు రావాలి. మాట ఇచ్చింది కదా. నేల చూస్తూ నిలబడింది. టీకా లేకుండా ఆ మంద దారి పట్టబోతోందని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. నా కడుపులో సీసాలు నాలుగు డిగ్రీల దగ్గర నిక్షేపంగా ఉన్నాయి. చల్లదనం నేను ఇవ్వగలను. నమ్మకం ఇవ్వడం నావల్ల కాదు.

జీపు తలుపు చప్పుడైంది. హుసేనప్ప దిగి వచ్చాడు.

"అన్నా, ఆ పాప సెప్పదు. నేను సెప్తా. కంబళి కప్పి, మూతీ ముక్కూ గుడ బిగించి కట్టేస్తే గొర్రె ఏమైతాది?"

"అదేం మాట? ఊపిరాడక సస్తాది."

"నేను ఈ డబ్బాకు అదే సేసినా. సల్లగుంటాదని తడిగోనె సుట్టినా. దినమూ సుట్టినా. దానికి ఊపిరాడక కరెంటంతా తాగేసి ఆగిపాయె. మందు సెడింది అందుకు. నీ బామ్మర్ది జీవాలు పోయింది ఈ పాప వల్ల గాదు, డబ్బా వల్ల గాదు. నా వల్ల."

నవ్విన కాపరులు నవ్వడం మానేశారు. మాళింగప్ప ఆయన్ను తల నుంచి కాళ్ల దాకా చూశాడు. హుసేనప్ప చూపు తిప్పుకోలేదు. మాళింగప్ప జీపు దగ్గరికి నడిచి, నా కంతల దగ్గర అరచెయ్యి పెట్టాడు. సెగ తగిలి తీసేశాడు. మూత ఎత్తి అదే చెయ్యి లోపల పెట్టాడు.

"బయట పొయ్యి, లోపల బావి" అన్నాడు తనలో తాను.

తరువాత మూత మూసి, "నలభై, హుసేనప్పా" అన్నాడు.

"ఊ, అన్నా."

"ఈ మాట మా బామ్మర్దికి నువ్వే సెప్పాల."

"సెప్తా."

మాళింగప్ప వెళ్లి కంప పక్కకు లాగాడు. ఆ రోజు నా మూత పదకొండుసార్లు తెరిచారు. గంగరత్న పదకొండు గీతలు పెట్టింది. పని అయ్యాక జీపు మొదటి తాళానికే పలికింది. ఎవరూ తోయలేదు. రెండు రోజుల తరువాత మంద కాలువ దిక్కుకు సాగిపోయింది. వానలు పడ్డాక తిరిగి వచ్చింది. తోడేలు ఎత్తుకుపోయినవి రెండు. పారుడు రోగంతో పోయింది ఒక్కటీ లేదు.

టీకాలు వేసిన ఆ వారమే, ఆదివారం నాడు, హుసేనప్ప బస్సెక్కి మాళింగప్ప బావమరిది మంద దిగిన చోటికి వెళ్లాడు. నేను బస్సులో పోయేదాన్ని కాను కాబట్టి అక్కడ ఏం జరిగిందో చూడలేదు. సోమవారం గంగరత్న, "ఏమన్నారు మామా?" అని అడిగింది.

"తిట్టినారు" అన్నాడు జీపు అద్దం తుడుస్తూ. కాసేపయ్యాక, "తర్వాత అన్నం పెట్టినారు" అన్నాడు.

రిటైరయ్యేదాకా ఆయన ఎక్కడ కొత్త డ్రైవరు కనబడినా ఈ తప్పును పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఎవరో చేశారని కాదు, తానే చేశానని చెప్పేవాడు. ఎన్ని ఆసుపత్రుల్లో ఎన్ని పెట్టెలు అందువల్ల హాయిగా ఊపిరి పీల్చుకున్నాయో లెక్కలేదు. పోయిన వేసవిలో ఆయన కన్నుమూశాడని గంగరత్న ఎవరితోనో చెబుతుంటే విన్నాను. నా మోటారు అంతకు ముందే ఆగిపోయింది. ఇప్పుడు మందుల గది మూలన ఉన్నాను. నాలో దూదీ, గొర్రెల చెవి బిళ్లలూ పెడుతున్నారు. దానికి కరెంటు అక్కర్లేదు.

నన్ను మీరు గుర్తుపెట్టుకోనవసరం లేదు. నాలాంటివి బజారులో చాలా దొరుకుతాయి. చదివి పక్కన పెట్టేముందు ఒక్కసారి డ్రైవరు హుసేనప్పను తలుచుకోండి. నోరు మెదపకుండా ఉంటే సరిపోయే రోజున, ఎర్రకుంట దొడ్డి ముందు నిలబడి నోరు తెరిచినవాడు ఆయన.